రత్నమ్మగారి దారి రహస్యమైన విధం

ప్రతి ఊరికీ ఒక రహస్యం ఉండి తీరాలి! లేకపోతే అది ఊరు కాదు, ఉత్త పిన్‌కోడ్.

రోడ్డు లేకపోయినా బతకొచ్చు. కల్వర్టు కూలిపోతే లాకుల దగ్గరికి పోయి చుట్టు తిరిగి రావచ్చు. కానీ రహస్యం లేని ఊరికి ఎవరొస్తారు? వచ్చి దేని ముందు నిలబడి ఫోటో దిగుతారు? కొబ్బరిచెట్టు ముందా? కోనసీమలో అది లేని ఊరేదండీ!

అందుకే మా పొన్నమెరక కోటలో ‘రహస్య బురుజులు, గుప్త మార్గాల గైడెడ్ టూర్’ మొదలవడం మా ఊరి అదృష్టమని ఈ వ్యాసంలో నిరూపించదలిచాం. గిట్టనివాళ్లు ఏవేవో అంటారు. వాళ్లకి చరిత్ర మీద గౌరవం లేదు. కాళ్లనొప్పులు మాత్రం ఉన్నాయి.

కోట అంటే మరీ పెద్దదేం కాదు. ఒకప్పటి చిన్న జమీందారు గారి నివాసం. ముందు మండువా, పక్కన ఒక బురుజు, వెనక నుంచి కాలవ రేవు దాకా పొడుగాటి లావుపాటి గోడ. ఆ గోడ లోపలే ఒక సొరంగం ఉంది. సొరంగం గోడలో ఎందుకు ఉంటుంది, నేల కింద కదా ఉండాలి అంటారేమో. మా నేలలో మూరెడు తవ్వితే నీళ్లు పడతాయండీ! అందుకని మా పూర్వీకులు సొరంగాన్ని కూడా మెరక మీదే కట్టించారు. అందులోకి దిగక్కర్లేదు, ఎక్కాలి.

ఘోషాలో ఉండే ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా రేవుకు వెళ్లి స్నానం చేసి రావడానికి దాన్ని కట్టించారని పెద్దవాళ్లు చెబుతారు. జమీందారీ పోయింది. ఘోషా పోయింది. సొరంగం మిగిలింది. మిగిలినదాన్ని వృథాగా పోనివ్వడం మావాళ్లకి తెలీదు కదా! కోట వెనక వీధికీ రేవు వీధికీ మధ్య అదే అడ్డదారి అయిపోయింది. పాలకేన్లు, స్కూలు బ్యాగులు, పెళ్లిళ్లకి అడిగి తెచ్చుకునే గంగాళాలు అన్నీ ఆ దారినే వెళ్లేవి. ఒకసారి ఒక గేదె కూడా వెళ్లింది. తిరగడానికి చోటులేక వెనక్కి నడిచి వచ్చింది.

వెనక వీధిలో రత్నమ్మ ఉంటుంది. రేవు వీధిలో ఆవిడ అక్క మంగాయమ్మ ఉంటుంది.

వాళ్ల నాన్న ఇద్దరు కూతుళ్లకీ ఈ ఊళ్లోనే సంబంధాలు కుదిర్చాడు. పెళ్లికొడుకుల జాతకాల కంటే ముందు ఆయన ఈ గోడ చూశాడట. “వానొచ్చినా వరదొచ్చినా నా పిల్లలిద్దరూ తల తడవకుండా ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు, నాకదే చాలు” అన్నాడట.

ఆయన లెక్క తప్పలేదు. ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక రత్నమ్మ ఒక గిన్నె పట్టుకుని ఇటు నుంచి బయల్దేరేది. మంగాయమ్మ ఒక గిన్నె పట్టుకుని అటు నుంచి వచ్చేది. సొరంగం మధ్యలో గోడ కొంచెం లోపలికి వెళ్లి, కూర్చోవడానికి చిన్న అరుగు ఉంది. ఒకళ్లింటికి ఒకళ్లు వెళితే వాళ్లకి పని పెట్టినట్టవుతుందని, ఇద్దరూ ఆ అరుగు మీద కూర్చుని తినేవాళ్లు. తింటూ ఒకరి వంటకి ఒకరు వంకలు పెట్టుకునేవాళ్లు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే అలవాటు. ఇద్దరి భర్తలూ పోయాక కూడా ఆ ముద్ద ఆగలేదు. ఇప్పుడు మంగాయమ్మకి మోకాళ్లు సహకరించవు. అరుగు దాకా రావడమే గగనం. రత్నమ్మ మోకాళ్లు అంతకంటే ఒక మెట్టు మెరుగు, అంతే.

చూశారా! ఎంత విలువైన చారిత్రక సంపదని ఎంత అన్యాయంగా వాడుకుంటున్నారో! అన్నం తినడానికి!

ఈ అన్యాయాన్ని ఆపడానికే వేదవ్యాస్ వచ్చాడు. అమలాపురం కుర్రాడు. టూరిజంలో డిగ్రీ చదివాడు. తలకి టోపీ, మెడలో మైకు, మాటలో వినయం. మండుటెండలో కోట చుట్టూ తిరిగి తిరిగి రత్నమ్మ గుమ్మం ముందు ఆగి, “మంచినీళ్లు ఇప్పిస్తారాండీ పిన్నిగారూ?” అన్నాడు.

మంచినీళ్లు అడిగినవాడికి మంచినీళ్లిచ్చి ఊరుకుంటే అది కోనసీమ ఎందుకవుతుంది? మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ తాగినవాడు వేళకి వచ్చాడు కదా అని ఆకేసింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించింది. అతను రెండోసారి కూర వేయించుకుంటూ అడిగాడు.

“ఈ కోటలో రహస్యాలేవైనా ఉన్నాయాండీ?”

రత్నమ్మ ఇరకాటంలో పడింది. ఆవిడకి తెలిసినంతలో ఏమీ లేవు. కానీ ఆకు ముందు కూర్చున్న మనిషి నోరు తెరిచి అడిగితే లేదంటామా? కూర అడిగితే వేశాం. నెయ్యి అడక్కుండానే వేశాం. రహస్యం అడిగితే లేదంటే ఆ వడ్డన పూర్తయినట్టేనా?

“ఎందుకు లేవు బాబూ! పూర్వం చిన్న రాణీగారు పెద్ద రాణీగార్ని చూడ్డానికి ఆ గోడలోంచే వెళ్లేవోరంట.”

“ఎవరికీ తెలీకుండానాండీ?”

ఆవిడ అతని వంక చూసింది. కుర్రాడి కళ్లు ఆశగా మెరుస్తున్నాయి. “ఆయ్. ఎవరికీ తెలీకుండానే. ఇంకాస్త పెరుగు వేసుకో బాబూ.”

తన సంగతీ తన అక్క సంగతీనే కాస్త నగలు తొడిగి చెప్పిందని ఆవిడకి ఆ తరవాత గాని తట్టలేదు.

మర్యాద తెలిసింది రత్నమ్మ ఒక్కతికే అనుకునేరు! పక్కింటి సత్యదుర్గ తన పశువుల పాకని ఏనుగుల శాలగా ఒప్పుకుంది. ఏనుగు ఆ పాకలో ఎలా పట్టేదని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడగడం మర్యాద కాదు. గంగబాబు అయితే బురుజునే ఇచ్చేశాడు. ఆ బురుజు అటక మీద అతను కురిడీలు వేసుకుంటాడు. కొబ్బరికాయలు ఏడాది పాటు అటక మీదే ఉంటే, లోపలి నీళ్లన్నీ ఇంకిపోయి, కుడక చిప్పని వదిలేసి గలగలమంటుంది. ఎలక దొర్లించినా మోగుతుంది. “పైనేదో గజ్జెల చప్పుడు వస్తోందండీ” అని వేదవ్యాస్ అన్నప్పుడు, కుర్రాణ్ణి చిన్నబుచ్చడం ఇష్టంలేక, “ఆయ్, అప్పుడప్పుడు వస్తుంటాదండీ” అన్నాడు గంగబాబు.

అంతే! నెల తిరక్కుండా పొన్నమెరక చరిత్రకెక్కింది.

మండువాలో ధాన్యం గాదె చెరసాల అయింది. రుబ్బురోలు ఫిరంగి మందు నూరే యంత్రం అయింది. పాడుబడ్డ స్నానాలగది రాణివాసపు ధ్యాన మందిరం అయింది. అందులో కూర్చుని కళ్లు మూసుకుంటే ప్రశాంతంగా ఉంటుందని ఒక సందర్శకురాలు రివ్యూ రాసింది. ఉండదా మరి? అందులో ఎవరైనా ఎప్పుడైనా ప్రశాంతత కోసమే కదా కూర్చున్నది!

సొరంగానికి మాత్రం రెండు చివరలా ఇనప గేట్లు వచ్చాయి. తాళాలు వచ్చాయి. ‘గుప్త భూగర్భ మార్గం’ అని బోర్డు వచ్చింది. భూగర్భంలోకి వెళ్లడానికి పైకి ఎక్కే మెట్లు అలాగే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం రత్నమ్మ గిన్నె పట్టుకుని గేటు దాకా వెళ్లి, తాళం చూసి, చాలాసేపు అక్కడే నిలబడింది. గోడకి చెవి ఆనించి “అక్కా” అని పిలిచింది. గోడ లావు అలాంటిది. ఏమీ వినపడలేదు.

తరవాత కోట యజమాని బాపిరాజుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన ముందు మండువాలో ఉంటారు. లేచి నిలబడి, కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, ఆవిడ చెప్పిందంతా విన్నారు.

“అయ్యో, అలాగేనండీ రత్నమ్మగారూ. తప్పకుండానండీ. వేదవ్యాస్‌తో చెబుతానుగా.”

వేదవ్యాస్ కూడా లేచి నిలబడ్డాడు. “అలాగేనండీ పిన్నిగారూ. పంచాయతీవాళ్లని ఓ మాట అడిగి చేద్దామండీ.”

పంచాయతీవాళ్లు కూడా “అలాగేనండీ” అన్నారు.

బయటి ప్రాంతాలవాళ్లకి తెలియదు గాని, మా వైపు కాదనడం అంటే ఇదే. ఎంత మర్యాదగా కాదంటారంటే, విన్నవాడు సంతోషంగా ఇంటికెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచం మీద పడుకున్నాక గాని పని కాలేదని తెలీదు. రత్నమ్మ ఈ ఊరిదే కాబట్టి ఆవిడకి దారిలోనే తెలిసింది.

మళ్లీ వెనక్కి వెళ్లి వేదవ్యాస్‌ని నిలదీసింది. నిలదీయడం అంటే, “ఏవీ అనుకోకు బాబూ” అని మొదలుపెట్టిందన్నమాట.

“ఏవీ అనుకోకు బాబూ. మేం నడిచే దారికి మాకే తాళవేంటి?”

అతను నిజంగానే బాధపడ్డాడు. “మీరే ఆలోచించండి పిన్నిగారూ. దారి అందరికీ తెలిస్తే రహస్యం ఎలా అవుద్దండీ?”

ఎంత లోతైన మాట! ఏ రహస్యాన్నయినా కాపాడాలంటే ముందు అది తెలిసినవాళ్లని బయట పెట్టాలి. తెలియనివాళ్లని టిక్కెట్టిచ్చి లోపల పెట్టాలి. పాఠకులారా, పర్యాటక శాస్త్రమంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది!

చుట్టు తిరిగి వెళ్లొచ్చు కదా అంటారా? మధ్యలో కల్వర్టు కూలి చాలాకాలమైంది. లాకుల దాకా నడిచి, అక్కడ దాటి, కాలవ గట్టున మళ్లీ వెనక్కి రావాలి. షేరు ఆటోలు అమలాపురం వెళతాయి, అంబాజీపేట వెళతాయి. అక్క దగ్గరికి వెళ్లవు.

చివరికి వేదవ్యాసే ఒక ఉపాయం చెప్పాడు. రోజూ మధ్యాహ్నం బ్యాచ్‌తో పాటు రత్నమ్మ టిక్కెట్టు లేకుండా రావచ్చు. వరసలో ఆఖరున నడవాలి. ఏమీ మాట్లాడకూడదు.

ఆ రోజు నుంచి రత్నమ్మ తన ఊళ్లో తనే టూరిస్టు అయింది. చేతిలో క్యారియర్‌తో చెరసాల దగ్గర నిలబడింది. ఆ గాదెలోంచి ఆవిడ కాపరానికి వచ్చిన కొత్తలో ధాన్యం కొలిచి తెచ్చుకుంది. ఫిరంగి యంత్రం దగ్గర నిలబడింది. దాని మీద ఆవిడ మినప్పప్పు రుబ్బింది. బురుజు కింద నిలబడి పైన కురిడీలు దొర్లుతుంటే పక్కనున్న పెద్దమనిషితో పాటు ఆవిడ కూడా “అమ్మో” అంది. పదిమందీ అంటుంటే ఊరుకోవడం బాగోదు కదా!

సొరంగం అరుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉలిక్కిపడింది.

“ఈ అరుగు మీదేనండీ చిన్న రాణి తన సవతికి విషం కలిపిన అన్నం పెట్టింది!” అంటున్నాడు వేదవ్యాస్ మైకులో.

రత్నమ్మ ఆగలేకపోయింది. అతని చొక్కా చెయ్యి పట్టుకుని గుసగుసగా, “సవతులేంటి నాయనా! విషవేంటి? అక్కచెల్లెళ్లని అనుకోకూడదా?” అంది.

అతను మైకు ఆపి అంతే గుసగుసగా, “అక్కచెల్లెళ్లు అన్నం తిన్నారంటే ఎవరు చూస్తారండీ పిన్నిగారూ! సవతులైతే రివ్యూలు బాగుంటాయండి” అన్నాడు.

బ్యాచ్ రేవు గేటు దాకా చేరేసరికి కూర చల్లారి గడ్డకట్టింది. గేటు అవతల మంగాయమ్మ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. గేటు బయటికి వెళ్లేవాళ్ల కోసమే తెరుస్తారు, వెళితే మళ్లీ లోపలికి రానివ్వరు. గిన్నె చేతులు మారేంత వ్యవధి ఉంది. కలిసి ఒక్క ముద్ద తినే వ్యవధి లేదు.

“తిన్నావా?” అంది మంగాయమ్మ.

“నువ్వు తిను.”

“నువ్వు తిన్నావా అంటంటే!”

మరో బ్యాచ్ ఎదురు చూస్తోందని, వేదవ్యాస్ ఎంతో మర్యాదగా రత్నమ్మని వెనక్కి తీసుకుపోయాడు. ఇలా కొన్నాళ్లు జరిగింది. ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు తినడం అలవాటు చేసుకోవాలని చూశారు. మంగాయమ్మకి ముద్ద దిగలేదు. మనిషి చిక్కి సగమైంది. ఇదంతా హెరిటేజ్ కోసం కదా, కొంచెం సర్దుకోవాలి మరి!

ఒక రోజు మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. బ్యాచ్‌లో వాళ్లు తడవకుండా కారు ఎక్కాలని రేవు గేటు దగ్గర తోసుకున్నారు. ఆ హడావిడిలో మంగాయమ్మ గేటు లోపలికి వచ్చేసింది. రత్నమ్మ అరుగు దగ్గరే ఆగిపోయింది. తాళం పడింది. ఇద్దరూ లోపలే ఉండిపోయారు.

వాళ్లు కంగారు పడలేదు. పైన వాన కురుస్తోంది. వాళ్ల తల తడవలేదు. క్యారియర్ విప్పుకుని, ఇన్నాళ్ల బాకీ కబుర్లన్నీ చెప్పుకుంటూ, చీకట్లోనే నింపాదిగా తిన్నారు. గేటు తీసిన చప్పుడు కూడా వాళ్లకి వినపడలేదు.

అవతల కొత్త బ్యాచ్‌తో వేదవ్యాస్ లోపలికి వచ్చాడు. అరుగుకి కాస్త ఇవతల ఆగాడు. “ఇప్పుడు టార్చి ఆర్పేస్తున్నానండీ. చెవులు రిక్కించండి. అదృష్టం బాగుంటే...” అని ఆపాడు. ఆ వాక్యం అతను రోజూ అక్కడే ఆపుతాడు.

చీకట్లోంచి ఒక ముసలి గొంతు పలికింది.

“ఇందులో ఏం కలిపేవే?”

“తిను. అనుమానాలెక్కువ నీకు.”

“నాలిక మండిపోతంది! నిజం చెప్పు, ఏం కలిపేవు?”

“నీ కోసమే కలిపేను. ఇదే ఆఖరి ముద్ద, మింగు పెద్దదానా!”

పనసపొట్టు కూరలో ఆవ కొంచెం ఎక్కువైందండీ. అంతకంటే ఏమీ లేదు. కానీ ఆ సంగతి చీకట్లో ఎవరికి తెలుసు? బ్యాచ్ మొత్తం గావుకేకలు పెట్టి పరుగెత్తింది. అందరి కంటే ముందు మైకూ టోపీ వదిలేసి పరుగెత్తింది వేదవ్యాసే. ఆ కేకలకి జడిసి అక్కచెల్లెళ్లిద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని “ఓలమ్మో, ఏంటే అది!” అని అరిచారు. దాంతో పరుగెత్తేవాళ్లు ఇంకొంచెం వేగం పెంచారు.

సాయంత్రానికి రివ్యూలు వచ్చాయి. ఒక్కటి కూడా ఐదు నక్షత్రాలకి తగ్గలేదు. ‘జీవితంలో మరిచిపోలేని అనుభవం’ అని ఒకరు రాశారు. ‘సౌండ్ సిస్టమ్ అద్భుతం’ అని మరొకరు రాశారు. మర్నాటి టిక్కెట్లన్నీ తెల్లారకుండానే అయిపోయాయి.

పొద్దున్నే వేదవ్యాస్ ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని రత్నమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం ఎత్తలేదు. పెట్టె మీద రెండు తాళంచెవులు పెట్టి చేతికిచ్చాడు.

“ఒకటి మీకండీ, ఒకటి పెద్దమ్మగారికండీ. మీ ఇష్టం వచ్చినంతసేపు కూర్చోండి. కూర, ఉప్పు, మోకాలి బిళ్లలు... ఇలాంటి మాటలు మాత్రం బ్యాచ్ వచ్చినప్పుడు కాస్త మెల్లగా అనండి. నవ్వకండి. రాణులు నవ్వరండి.”

ఇన్నాళ్లూ కాళ్లరిగేలా తిరిగినా, ఊళ్లో ఓటున్న రత్నమ్మకి దొరకని దారి, చచ్చిపోయిన రాణికి ఇంటికొచ్చి మరీ ఇచ్చారు! ఇప్పుడైనా ఒప్పుకుంటారా, టూరు వల్ల మేలే జరిగిందని?

ఈ సంగతి తెలిశాక ఊళ్లో చైతన్యం వచ్చింది. టెన్త్ చదివే రమ్యశ్రీ, ఆ వీధి ఆడపిల్లలూ కలిసి వేదవ్యాస్ దగ్గరికి వెళ్లారు. బడివేళకి వెళ్లే దయ్యాలుగా తమని తీసుకోమని అడిగారు. సైకిలు బెల్లు కొట్టబోమని, యూనిఫాం మీద తెల్ల చున్నీ కప్పుకుంటామని హామీ ఇచ్చారు. గంగబాబు కొబ్బరి మోసే దయ్యంగా ఉంటానన్నాడు. సత్యదుర్గ పాలకేనుతో సహా ఏ రకం దయ్యానికైనా సిద్ధమంది.

వేదవ్యాస్ లేచి నిలబడి అందరికీ “అలాగేనండీ” అన్నాడు. వాళ్లు లాకుల మీదుగా చుట్టు తిరిగే వెళుతున్నారు. వానాకాలం వచ్చింది. రమ్యశ్రీ బురద కాళ్లతో రెండో పీరియడ్‌కి బడి చేరుతోంది.

కల్వర్టు బాగు చేయమని మాత్రం ఎవరూ అడక్కండి. దారి దొరికితే ఇక మా ఊళ్లో దయ్యాలుగా చేరడానికి ఎవరు ముందుకొస్తారు? చరిత్ర ఏమైపోవాలి?

రత్నమ్మ మాత్రం ఇప్పుడు రోజూ తాళం తీసుకుని లోపలికి వెళుతుంది. మంగాయమ్మ అటు నుంచి వస్తుంది. నాలుగు ముద్దలు తింటోంది. ఒంటికి కాస్త కండ కూడా పట్టింది. రాణిగారి దయ్యం లావెక్కుతోందని వేదవ్యాస్‌కి బెంగ.

మొన్న బ్యాచ్ కేకలు పెట్టి వెళ్లిపోయాక, చీకట్లో మంగాయమ్మ అడిగింది.

“బతికుండగానే దయ్యాలమైపోయేం గదే రత్నం. రేపు నిజంగా పోయేక, మనల్ని ఇక్కడికి రానిస్తారంటావా?”

రత్నమ్మ గిన్నె మూత పెట్టింది.

“అడుగుదాం లేవే అక్కా. అలాగేనండీ అంటారు.”